క్రిస్మస్ బొమ్మల పుస్తకాలు, ఇంటిల్లిపాది చేతిపనులు: వేటపాలెం పరిసరాలు

క్రిస్మస్ కథను బొమ్మల పుస్తకంలో చదివి, అందులోంచి ఒక వస్తువునో ఒక పనినో ఎంచుకుని ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి చేసుకునే చేతిపనులు చాలా దేశాల్లో పండుగలో భాగమయ్యాయి. నక్షత్రం కట్టడం, పశువుల పాక పేర్చడం, కాగితం మడవడం, అచ్చులు వేయడం, చిన్న నేత నేయడం, పిండివంటలు చేయడం వీటిలో ముఖ్యమైనవి. ఐరోపా, అమెరికా పుస్తకాల్లో ఇవన్నీ మంచు చుట్టూ, దేవదారు చెట్టు చుట్టూ, చలిమంట చుట్టూ తిరుగుతాయి. బాపట్ల జిల్లా వేటపాలెంలో మంచు పడదు. ఊళ్లో ఉన్నవి మగ్గాలు, జీడిపప్పు కార్ఖానాలు, ఒక పాత గ్రంథాలయం. తూర్పున ఇసుక నేలల్లో సరుగుడు తోటలు, పడమర పర్చూరు, మార్టూరు వైపు నల్లరేగడిలో పత్తి, మిరప. పుస్తకంలోని బొమ్మకూ పెరట్లో దొరికే సరుకుకూ ఇంత దూరం ఉండబట్టే ఇక్కడ ఈ పనులు ఆసక్తిగా మారతాయి. బొమ్మను ఉన్నదున్నట్టు దించేస్తే సరిపోదు, దానికి బదులు ఏం వాడాలో ఇంట్లోవాళ్లు కూర్చుని ఆలోచించాలి.

వేటపాలెం చీరాల పక్కన, విజయవాడ–చెన్నై రైలుమార్గం మీద ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో, ఆ తరువాత ప్రకాశంలో, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో లెక్క. ఊరు ఉన్నచోటే ఉంది, పైన జిల్లా పేరే మారుతూ వచ్చింది.

1918లో ఇక్కడ మొదలైన సారస్వత నికేతనం రాష్ట్రంలోని పేరున్న గ్రంథాలయాల్లో ఒకటి. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంచికలను వెతుక్కుంటూ పరిశోధకులు ఇప్పటికీ వేటపాలెం రైలు దిగుతారు. ఈ గ్రంథాలయం మొదలవడానికి నాలుగేళ్ల ముందు, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్న ఉద్యమంలో వేటపాలెం గ్రంథాలయం ఒక భాగం. ఇలాంటి ఊళ్లో పుస్తకం నలుగురిది కాబట్టి చేతిపనులకు మొదటి నియమం కూడా అక్కడే తేలిపోతుంది: కత్తెర పుస్తకం దగ్గరికి రాకూడదు. కావలసిన బొమ్మను పలచని బటర్ పేపరు పరిచి పెన్సిలుతో తీసుకోవాలి, లేదా చూసి గీసుకోవాలి. చూసి గీసినదే మేలు. నకలు తీసిన చెయ్యి గీత వెంట పోతుంది, చూసి గీసిన కన్ను బొమ్మలో ఏముందో పట్టుకుంటుంది.

తీరాంధ్రలో క్రిస్మస్

ఈ మైదానంలో క్రిస్మస్ పండుగకు రెండు ప్రధాన మిషన్ల చరిత్ర ఉంది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్ ప్రారంభించాడు. దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల కేంద్రం అప్పటికే ఉంది. చేరినవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ అని దాన్ని మూసేయాలన్న చర్చ 1853లో అమెరికాలో జరిగింది. మిషన్ కేంద్రాలను చుక్కలతో గుర్తించిన పటంలో తెలుగుదేశానికి నెల్లూరు ఒక్కటే చుక్క. ఆ ఒంటరి చుక్క మీద శామ్యూల్ ఎఫ్. స్మిత్ రాత్రికి రాత్రి రాసిన పద్యాలు సభను కదిలించాయి, మిషన్ నిలిచింది. అప్పటినుంచి దానికి ‘లోన్ స్టార్ మిషన్’ అన్న పేరు వచ్చింది. 1866లో ఒంగోలులో స్థిరపడిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ కాలంలో, 1876–78 నాటి గొప్ప కరువు తరువాత, ఒక్క 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది తోలుపని చేసే మాదిగ కుటుంబాలవాళ్లు. చేతిపని వీళ్లకు పండుగ సరదా కాదు, బతుకుతెరువు. తీరాంధ్ర క్రిస్మస్ అలంకారాల్లో కొన్న వస్తువు కన్నా కట్టిన వస్తువు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం అనుకోవచ్చు.

పండుగ తేదీ కూడా చేతిపనికి కలిసొచ్చింది. డిసెంబరు 25 ఎప్పుడూ ధనుర్మాసంలోనే పడుతుంది. వీధిలో అప్పటికే నెల ముగ్గులు మొదలై ఉంటాయి. క్రైస్తవుల వాకిళ్లలోనూ ముగ్గే పడుతుంది, కాకపోతే మధ్యలో నక్షత్రమో గంటో వస్తుంది. డిసెంబరు మొదట్లోనే బళ్లలో, చర్చిల్లో సెమీ క్రిస్మస్ వేడుకలు, ఆపైన రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగే కేరల్స్, ఇళ్లకు సున్నాలు, రంగుకాగితాల తోరణాలు, ఎత్తయిన వాసానికి కట్టిన నక్షత్రం. ఒకే వారంలో ఒక ఇంటి ముందు గొబ్బెమ్మ, పక్కింటి మీద చుక్క కనిపించడం గుంటూరు, ప్రకాశం, బాపట్ల పల్లెల్లో మామూలే.

బొమ్మల పుస్తకాలు, మంచు బాధ

ఆంగ్లంలో క్రిస్మస్ బొమ్మల పుస్తకాలకు కొదవలేదు. రేమండ్ బ్రిగ్స్ 1973లో క్రిస్మస్ తాతను చలికి విసుక్కునే ముసలాయనగా గీశాడు, 1978లో మాటల్లేని ‘ది స్నోమ్యాన్’ తెచ్చాడు. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ ‘ది పోలార్ ఎక్స్‌ప్రెస్’ 1985లో వచ్చి మరుసటి ఏడాది కాల్డెకాట్ పతకం గెలిచింది. ఇవి గొప్ప పుస్తకాలే. వీటి పేరుతో పుట్టిన చేతిపనులు మాత్రం చాలావరకు దూదితో మంచుమనిషిని అతికించడం, ముద్రించిన బొమ్మకు రంగులు దిద్దడం దగ్గర ఆగిపోతాయి. అలాంటి పనికి కథ చదవనవసరం లేదు, పుస్తకం తెరవకుండానే పూర్తి చేయవచ్చు.

తెలుగులో పిల్లల బొమ్మల సాహిత్యం పత్రికలతో ఊపందుకుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లో, ‘చందమామ’ 1947లో మొదలయ్యాయి. ఆ తరువాత నేషనల్ బుక్ ట్రస్టు అనువాదాలు, సోవియట్ దేశం నుంచి వచ్చిన చవక బొమ్మల పుస్తకాలు, ఈ కాలంలో తూలిక, ప్రథమ్, మంచి పుస్తకం వంటి సంస్థల ప్రచురణలు పిల్లలకు అందాయి. వీటిలో క్రిస్మస్ కథలు తక్కువే. అందుకే ఆంగ్ల పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని అమ్మో అమ్మమ్మో తెలుగులో చెప్పుకుపోవడం ఇళ్లలో సాధారణం.

అలా చెప్పడానికి నేతగాళ్ల ఊరికి అతికినట్టు సరిపోయే క్రిస్మస్ కథ ఒకటుంది. బియాట్రిక్స్ పాటర్ రాసి, బొమ్మలు గీసిన ‘ది టైలర్ ఆఫ్ గ్లోస్టర్’.

ఒక్క కాజా మిగిలిన కథ

ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో ఒక పేద దర్జీ. క్రిస్మస్ పొద్దున పెళ్లిపీటలెక్కే నగర మేయరుకు పట్టు కోటు, పూలు కుట్టిన నడుముచొక్కా కుట్టాలి. గుడ్డ కత్తిరించి పెట్టుకున్నాడు. కాజాలు కుట్టడానికి ఎర్రని మెలిపట్టు దారం ఒక్క చుట్ట తక్కువైంది. చేతిలో మిగిలిన చిల్లర ఇచ్చి పిల్లి సింప్‌కిన్‌ను బజారుకు పంపుతాడు. ఆ పిల్లి తన తిండి కోసం బోర్లించిన టీకప్పుల కింద దాచిన చిట్టెలుకలను దర్జీ వదిలేస్తాడు. కోపంతో పిల్లి దారాన్ని టీపాట్‌లో దాచేస్తుంది. దర్జీకి జ్వరం తగులుతుంది. క్రిస్మస్ ముందు రాత్రి ఎలుకలే అంగట్లో చేరి కోటు మొత్తం కుట్టేస్తాయి. ఇరవై ఒక్క కాజాల్లో ఒక్కటి మాత్రం దారం చాలక ఆగిపోతుంది.

కథకు మూలం నిజంగా జరిగిన సంగతే. గ్లోస్టర్‌లో జాన్ ప్రిచర్డ్ అనే దర్జీ మేయరు కోసం కుట్టాల్సిన బట్టను సగంలో వదిలి వెళ్లి, తిరిగొచ్చేసరికి ఒక్క కాజా తప్ప అంతా పూర్తయి ఉందట. రాత్రిపూట అతని పనివాళ్లే కుట్టిపెట్టారు. ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పాటర్ ఈ మాట విన్నది. 1901 క్రిస్మస్‌కు ఫ్రెడా మూర్ అనే చిన్నపిల్లకు కానుకగా కథ రాసి బొమ్మలు వేసి ఇచ్చింది. 1902 డిసెంబరులో సొంత ఖర్చుతో 500 ప్రతులు అచ్చు వేయించింది. మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ప్రచురించింది. కోటు మీది పూలపనిని ఊహించి గీయలేదు, లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో ఉన్న 18వ శతాబ్దపు దుస్తులను దగ్గర పెట్టుకుని కుట్టు కుట్టునూ చూసి వేసింది. తన పుస్తకాల్లో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పాటర్ 1943లో మరణించింది. రచయిత పోయాక 60 ఏళ్లపాటే కాపీరైటు ఉండే మన దేశంలో ఈ పుస్తకాన్ని ఎవరైనా తెలుగు చేసి బొమ్మలతో సహా అచ్చు వేసుకోవచ్చు.

దారం తక్కువై ఆగిన పని ఎలాంటిదో చీరాల, వేటపాలెం, జాండ్రపేట ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. చేనేత మొదటినుంచీ ఇంటిల్లిపాది పని. ఆసు పోసేది ఒకరు, రాట్నం మీద కండెలు చుట్టేది ఒకరు, గుంటమగ్గం మీద కూర్చునేది మరొకరు. ఆఖరి మూరకు పేక నూలు అందకపోతే పడుగు మగ్గం మీదే ఉండిపోతుంది. గ్లోస్టర్ దర్జీ కష్టం ఈ ఊరి పిల్లకు అద్భుత కథలా కాక ఇంటి సంగతిలా వినిపిస్తుంది.

దారంతో చేసేవి

ఈ కథలోంచి పుట్టే పనుల్లో ఇరవై ఒక్క కాజాల పట్టీది మొదటి స్థానం. పాశ్చాత్యులు క్రిస్మస్ రోజు కోసం ఎదురుచూస్తూ రోజుకొక కిటికీ తెరిచే కాగితపు క్యాలెండరు వాడతారు. దాని బదులు ఈ పట్టీ. డిసెంబరు 4 నుంచి 24 దాకా సరిగ్గా 21 రోజులు. ఒకటింబావు మీటరు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు ఉన్న రెండు గుడ్డ పట్టీలు కావాలి. పాత పంచె గాని, దర్జీ అంగడి కత్తిరింపు ముక్కలు గాని చాలు. పై పట్టీకి 21 కాజాలు, కింది పట్టీకి బొత్తాలు. ప్రతి సాయంత్రం కథలో ఒక పుట చదివి ఒక బొత్తం పెట్టాలి. కింది పట్టీకి 20 బొత్తాలే కుట్టి, ఇరవై ఒకటో బొత్తాన్ని విడిగా ఉంచాలి. దాన్ని కుట్టాల్సిన ఎర్రదారం చుట్టను ఇంట్లో పెద్దవాళ్లు టీ గిన్నెలోనో కాఫీ ఫిల్టరులోనో దాస్తారు. 24వ తేదీ రాత్రి పిల్లలు వెతికి తెచ్చి కుట్టించాలి.

కాజా చేత్తో కుట్టడం చూసినంత తేలిక కాదు. చీలిక పొడవు బొత్తం అడ్డుకొలత కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, బొత్తం మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చీలిక అంచు వెంట సూది దింపి, పైకి లాగేముందు దారాన్ని సూదిమొన చుట్టూ తిప్పితే ప్రతి కుట్టుకూ అంచు మీద చిన్న ముడి పడుతుంది. ఆ ముళ్లు పక్కపక్కన వరసగా కూర్చుంటేనే అంచు పీచు లేవదు. మొదట కత్తిరించి తరువాత కుట్టాలా, కుట్టి తరువాత కత్తిరించాలా అన్నదానిమీద దర్జీల్లో రెండు పద్ధతులున్నాయి. పిల్లలకు రెండోదే నయం: రెండు వరసలు సన్నని కుట్టు వేశాక మధ్యలో చీల్చితే గుడ్డ జారిపోదు. పదేళ్లు దాటిన పిల్లలు నాలుగైదు కాజాలు కుట్టగలరు, మిగతావి పెద్దల వంతు. అందరికన్నా చిన్నవాళ్లకు బొత్తం పెట్టే పని.

అట్టముక్క మగ్గం ఇంకో పని. పోస్టుకార్డు అంత గట్టి అట్టకు పైనా కిందా అర సెంటీమీటరుకొక గాటు పెట్టి, గాట్లలోంచి నూలు పోగులు నిలువుగా లాగితే పడుగు. మొద్దుసూదికి రంగు నూలు ఎక్కించి ఒకటి మీదుగా, ఒకటి కిందుగా పోనిస్తే పేక. దువ్వెనతో కిందికి తట్టాలి. పిల్లలు పేకను గట్టిగా లాగుతారు, నాలుగు వరసలు దాటేసరికి బట్ట నడుము దగ్గర సన్నబడిపోతుంది. అసలు మగ్గం మీద దీన్ని ఆపడానికి బట్టకు అడ్డంగా కర్ర పెట్టి వెడల్పు నిలబెడతారు. అట్ట మగ్గం మీద పేకను తిన్నగా కాక కొంచెం విల్లులా వంచి వదిలి, తరువాత తడితే చాలు. ఇలా నేసిన నాలుగంగుళాల ముక్కను మధ్యలో మడిచి, రెండు పక్కలా కుట్టి, మెడ దగ్గర వదిలేస్తే చిట్టెలుక నడుముచొక్కా అవుతుంది. ఎలుకను బట్టముక్కతో వేలితొడుగులా కుట్టి లోపల దూది కూరుతారు. మూడేళ్ల పిల్లలకు స్టీలు గ్లాసుల కింద ఈ ఎలుకను దాచి ఏ గ్లాసు కింద ఉందో అడగడమే ఆట. టీకప్పుల ఘట్టాన్ని వాళ్లు మళ్లీ మళ్లీ చదివించుకునేది ఈ ఆట ఆడాకే.

చుక్క కట్టడం

క్రిస్మస్ కథల పుస్తకం ఏదైనా నక్షత్రం లేకుండా ఉండదు. మత్తయి సువార్తలో తూర్పు జ్ఞానులకు దారి చూపినది అదే. జర్మనీలో మొరావియన్ సంఘం బళ్లో 1830ల్లో రేఖాగణితం పాఠంగా మొదలైన అనేక కోణాల కాగితపు నక్షత్రం తరువాత ప్రపంచమంతా పాకింది. తీరాంధ్రలో కట్టేది ఐదు కోణాల వెదురు చుక్క, గాలిపటం చేసినంత చవకగా అవుతుంది.

ఒక్కొక్క ముఖానికి ఐదు చొప్పున రెండు ముఖాలకు పది వెదురు బద్దలు కావాలి. అన్నీ ఒకే పొడవు. బద్ద 60 సెంటీమీటర్లయితే రెండు చివరల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలు గుర్తు పెట్టాలి. బద్దలు ఒకదాన్నొకటి దాటాల్సింది సరిగ్గా ఆ గుర్తుల మీదే. ఈ లెక్క తప్పితే ఒక కోణం లావుగా, ఇంకొకటి సన్నగా తేలుతుంది. ఒక బద్ద పక్కదాని మీదుగా వెళితే తరువాతిదాని కిందుగా పోవాలి, నేతలో పోగు పోయినట్టే. అలా అల్లితే దారం కట్టకముందే చట్రం నిలబడుతుంది. రెండు ముఖాలనూ ఐదు మొనల దగ్గర కలిపి కట్టి, లోపలి ఐదు కూడళ్లలో జానెడు కన్నా పొట్టి పుల్లలు అడ్డంగా దూర్చితే మధ్యభాగం ఉబ్బుతుంది. పలచని రంగుకాగితాన్ని మైదా జిగురుతో అతికిస్తారు. జిగురు పలచగా పూసి నీడలో ఆరనిస్తే కాగితం డోలులా బిగుస్తుంది, ఎండలో పెడితే చిరుగుతుంది. వెనక ముఖంలో ఒక త్రికోణాన్ని అతికించకుండా వదిలేది బల్బు మార్చడానికి. ఎల్.ఈ.డీ. బల్బే వాడాలి, పాతకాలపు తీగ బల్బు వేడికి కాగితం మాడుతుంది.

చీరాల బజారులో మడత విప్పితే తెరుచుకునే రెడీమేడ్ చుక్కలు దొరుకుతున్నాయి. అవి బాగుంటాయి కూడా. కానీ 23 సెంటీమీటర్ల గుర్తు ఎందుకు పెట్టాలని అవి ఏ పిల్లాడి చేతా అడిగించవు.

తాటాకుతో చేసే చుక్క వేరు. కిండర్‌గార్టెన్ పద్ధతి మొదలుపెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ (1782–1852) పేరుతో నాలుగు కాగితపు పట్టీలు అల్లి చేసే నక్షత్రం ఒకటుంది. విచ్చుకోని లేత తాటాకును వేలి వెడల్పు పట్టీలుగా చీల్చి అదే మడతలు వేయవచ్చు. తాటాకు బుట్టలు, గిలకలు అల్లే చేతులకు ఈ మడతలు కొత్తవి కావు. ముదురు ఆకు మడత దగ్గర విరుగుతుంది. లేత ఆకును తడిగుడ్డలో చుట్టి ఉంచితే మాట వింటుంది.

మంచుకు బదులు

ఎజ్రా జాక్ కీట్స్ 1962లో వేసిన ‘ది స్నోయీ డే’ క్రిస్మస్ కథ కాదు గాని చలికాలపు బొమ్మల పుస్తకాల్లో ఇప్పటికీ ముందు వరసలో ఉంది. కుంచెతో మాత్రమే కాక కత్తిరించిన కాగితాలు, గుడ్డముక్కలు, రబ్బరు ముద్రలు, టూత్‌బ్రష్‌తో చిమ్మిన సిరాతో అతను మంచును సృష్టించాడు. పిల్లలు చేయగలిగిన పద్ధతులే అన్నీ. ముద్రకు రబ్బరు చెక్కనవసరం లేదు. ముదిరి కూరకు పనికిరాని బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు మూలల చుక్క సిద్ధంగా ఉంటుంది. కోసిన ముఖాన్ని కాసేపు ఆరనిచ్చి జిగట తుడిచాక, తడిగుడ్డకు పట్టించిన రంగులో అద్ది నొక్కాలి. రంగులో నేరుగా ముంచితే గింజల గదుల్లో రంగు నిండి ముద్ర ముద్దలా పడుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీ పనివాళ్లు చెక్క అచ్చులతో చేసేదీ ఇలాంటి పనే, వాళ్లు కూడా అచ్చును రంగు మెత్త మీద అద్ది తీస్తారు.

పత్తి బెండకు చుట్టమే, రెండూ ఒకే వృక్ష కుటుంబం. గుంటూరు, ప్రకాశం రేగళ్లలో డిసెంబరు పత్తితీత కాలం. చెట్టు మీద మంచు పడినట్టు చూపడానికి దూది అతికించడం అన్ని దేశాల్లోనూ ఉంది, ఇక్కడ ఆ దూది పక్క మండలంలో పండినది. అంతకన్నా చక్కని వస్తువు పత్తి తీసేశాక కట్టెకు మిగిలిపోయే ఎండు గుల్ల. నాలుగైదు రేకులుగా విచ్చుకుని, గోధుమరంగులో, చెక్కిన చుక్కలా ఉంటుంది. తొడిమెకు దారం కట్టి సున్నమో బంగారు రంగో పూసి వేలాడదీయవచ్చు. మొనలు గుచ్చుకుంటాయి కాబట్టి ముందుగా గరుకు కాగితంతో రుద్దాలి. చేనినుంచి తెచ్చిన గుల్లల మీద పురుగుమందు ఉండవచ్చు. కడిగి ఎండబెట్టాకే పిల్లల చేతికివ్వాలి.

దేవదారు స్థానంలో సరుగుడు కొమ్మ. చీరాల, బాపట్ల తీరపు ఇసుకలో ఇది కావలసినంత. సూదుల్లా కనిపించేవి నిజానికి ఆకులు కావు, సన్నని రెమ్మలు. అసలు ఆకులు కణుపు కణుపు దగ్గర కంటికి ఆనని పొలుసుల్లా ఉంటాయి. రెమ్మను కణుపు దగ్గర లాగి విడదీసి మళ్లీ దూర్చి, ఎక్కడ విడిందో చెప్పమనడం పిల్లల ఆట. దాని చిన్న కాయలు దేవదారు కాయలకు బుల్లి నకళ్లలా ఉంటాయి, వాటిని నూలుదారానికి గుచ్చితే దండ అవుతుంది. ఇసుక నింపిన బొక్కెనలో కొమ్మ నిలబెడితే వారం దాకా పచ్చగా ఉంటుంది. అన్నట్టు, అమెరికాలోని న్యూ మెక్సికోలో ఎండుమిరప దండలు క్రిస్మస్ అలంకారం. మిరపకు పేరుమోసిన ఈ ప్రాంతంలో ఆ ఆలోచన రాకపోవడానికి కారణం ఉంది. ఘాటు మిరపకాయ ముట్టుకున్న చేత్తో పిల్లవాడు కన్ను నలిపితే పండుగంతా ఏడుపే.

పశువుల పాక

1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఎద్దునూ గాడిదనూ తెచ్చి క్రీస్తు పుట్టుకను ప్రదర్శించాడు. ఇళ్లలో పాక పేర్చే ఆచారానికి దాన్ని మొదలుగా చెబుతారు. గుంటూరు వైపు కతోలిక కుటుంబాల్లో ఈ పాకకు పెద్దపీట. వరిగడ్డి కప్పు, మట్టిగోడ, లోపల గడ్డి పరిచిన తొట్టె. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే పద్ధతికి ఇది దగ్గర, ఏటా ఒక కొత్త బొమ్మ చేరుతుంది. కొండపల్లి ఎడ్లబండి, ఆవు, దూడ, గడ్డిమోపు మోసే మనిషి ఇందులో సునాయాసంగా ఇమిడిపోతారు. బేత్లెహేము పాకలో ఒంగోలు గిత్త నిలబడితే తప్పేమీ లేదు, ఇటలీ చిత్రకారులు తమ ఊరి ఎద్దునే గీశారు. బంకమట్టితో చేసే బొమ్మలకు నూలుపీచు కొంచెం కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి.

వంటింటి పని

జీడిపప్పును ఏరి వేరు చేయడం వేటపాలెం ఇళ్లలో పిల్లలకు కొత్త సంగతి కాకపోవచ్చు. వ్యాపారంలో గుండ్లకు డబ్ల్యూ 180, 240, 320 అని అంకెలుంటాయి. ఒక పౌనుకు దాదాపు అన్ని పప్పులు తూగుతాయని అర్థం, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. క్రిస్మస్ కేకుకు బద్దలు, ముక్కలు చాలు. గుండ్లు పైన అలంకారానికి. పిల్లల చేత తూకం వేయించి లెక్కపెట్టించి అది ఏ రకమో చెప్పమంటే లెక్కల పాఠం గడిచిపోతుంది. పచ్చి జీడిగింజల పెంకు మాత్రం ఏ చేతిపనికీ వాడకూడదు. దానిలోని జీడి చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది.

గులాబీ పువ్వులు క్రిస్మస్ పిండివంటల్లో చూడముచ్చటైనవి. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, చక్కెర, కొబ్బరిపాలు కలిపి దోసెపిండి కన్నా కొంచెం పలచగా జారుగా చేస్తారు. ఇనప అచ్చు నూనెలోనే బాగా కాగాలి. కాగిన అచ్చును పిండిలో ముక్కాలు భాగమే ముంచాలి. అంచు దాటి మునిగితే పిండి పైకెక్కి మూసుకుని, పువ్వు అచ్చును వదలదు. మొదటి రెండు మూడు ఎవరికైనా పాడవుతాయి. పిండి కలపడం, చల్లారినవి డబ్బాల్లో సర్దడం పిల్లల పని, నూనె దగ్గర పెద్దలే ఉండాలి.

ఇంటి పుస్తకం

ఇవన్నీ చేశాక చాలా కుటుంబాలకు మిగిలే కోరిక సొంత బొమ్మల పుస్తకం. అచ్చయ్యే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఉంటాయి. ఎనిమిది కాగితాలు మధ్యకు మడిస్తే సరిగ్గా 32 పేజీలు వస్తాయి. ఎలుకలకు బదులు మగ్గం గుంటలో తిరిగే పిల్లి, మేయరు కోటుకు బదులు పెళ్లికూతురి చీర, గ్లోస్టర్ వీధులకు బదులు చీరాల మార్కెట్టు, ఎలాగైనా మార్చుకోవచ్చు. బెండకాయ ముద్రలు, రంగుకాగితం ముక్కలు బొమ్మలకు పనికొస్తాయి. అట్టకు పాత చేనేత గుడ్డ అతికిస్తే ఏళ్లతరబడి నిలుస్తుంది. కుట్టడానికి మడత వెంట మూడు చిల్లులు చాలు. సూది లోపలినుంచి మధ్య చిల్లులోకి దించి, బయటినుంచి పై చిల్లులోకి, లోపలినుంచి మధ్యది వదిలేసి నేరుగా కింది చిల్లులోకి, తిరిగి బయటినుంచి మధ్య చిల్లులోకి రానిచ్చి, పొడుగుపోగుకు రెండు పక్కలా ఉన్న దారం కొసలను ముడి వేయాలి. ముడి లోపలివైపు పడితే పుస్తకం చదునుగా మూసుకుంటుంది.